పిల్లికొక పేజీ: ఇంట్లో నాలుగైదు పిల్లులున్నప్పుడు వాటి ఆరోగ్యం చూసుకోవడం ఎలా

మూడేళ్ల కిందట ఒక వేసవి సాయంత్రం మా నల్లోడిని బుట్టలో పెట్టుకుని అనంతపురంలో పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తినప్పుడు, ఆయన అడిగిన మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేకపోయింది. "ఇది ఆఖరుసారి మూత్రం పోసింది ఎప్పుడమ్మా?" అని ఆయన అడిగారు. మా ఇంట్లో అయిదు పిల్లులున్నాయి. ప్రతి ఉదయం ఇసుక తొట్లు శుభ్రం చేసేటప్పుడు తడి గడ్డలు కనిపిస్తూనే ఉన్నాయి కనుక అన్నీ బాగానే ఉన్నాయని నేను అనుకున్నాను. ఆ గడ్డలు మిగతా నాలుగింటివి. నల్లోడికి అప్పటికే ఒక రోజుకు పైగా మూత్రం బిగదీసి ఉంది. గొట్టం వేసి మూత్రం తీసి, రెండు రోజులు సెలైన్ ఎక్కించిన తరువాత వాడు దక్కాడు.

ఒక్క పిల్లి ఉన్న ఇంట్లో గిన్నె ఖాళీ కాకపోతే ఆ పిల్లి తినలేదని తెలిసిపోతుంది. అయిదున్న ఇంట్లో ఒకటి మానేసిన తిండిని మరొకటి తినేస్తుంది, ఒకటి చేసుకున్న వాంతి ఎవరిదో తెలియదు, విరేచనం ఎవరిదో తెలియదు. పైగా పిల్లి తన నొప్పిని దాచుకునే జంతువు. జబ్బు చేస్తే అరవదు, మూలకు పోయి ముడుచుకుని పడుకుంటుంది. కనుక ఇటువంటి ఇంట్లో ఆరోగ్య సంరక్షణ అంటే మొదట మందులు కాదు, ఏ లక్షణం ఏ పిల్లిదో కనిపెట్టగలిగే ఏర్పాటు చేసుకోవడం. ఆ ఏర్పాటు ఎలాగో, రాయలసీమ ఇళ్లలో ప్రత్యేకంగా ఏయే విషయాల్లో జాగ్రత్త పడాలో నా అనుభవంలో తేలినవీ, వైద్యుల దగ్గర నేర్చుకున్నవీ కింద రాస్తున్నాను.

పుస్తకం, బరువు, వేరువేరు గిన్నెలు

రెండువందల పేజీల నోటుపుస్తకం ఒకటి తీసుకుని ఒక్కో పిల్లికి కొన్ని పేజీలు కేటాయించండి. మొదటి పేజీలో పుట్టిన నెల (తెలియకపోతే వైద్యుడు అంచనా వేసిన వయసు), ఆపరేషన్ అయిన తేదీ, టీకాల తేదీలు, నట్టల మందు వేసిన తేదీలు, ఏదైనా మందు పడకపోతే ఆ మందు పేరు ఉండాలి. తరువాతి పేజీల్లో నెలకొకసారి బరువు, మామూలుకు భిన్నంగా కనిపించిన ప్రతి విషయం తేదీతో సహా రాయాలి. "చుక్క, ఉదయం సగం తిన్నది, సాయంత్రం మామూలే" వంటి ఒక చిన్న వాక్యం చాలు (చుక్క మా పిల్లుల్లో ఒకటి). ఇదంతా ఫోనులో రాసుకోవచ్చు కానీ, ఇంట్లో ఎవరు తిండి పెట్టినా వారే రాసేలా వంటింట్లో మేకుకు వేలాడే పుస్తకమే మాకు బాగా పనికొచ్చింది.

నన్ను ఒక్క పనే ఎంచుకోమంటే బరువు చూడటాన్నే ఎంచుకుంటాను. పిల్లిని ఎత్తుకుని బరువు మిషను మీద నిలబడి, తరువాత మీ బరువు తీసివేస్తే స్థూలంగా తెలుస్తుంది, కానీ అందులో వంద, రెండువందల గ్రాముల తేడా దొరకదు. పసిపిల్లల బరువు చూసే మిషను లేదా కూరగాయల అంగళ్లలో వాడే ఎలక్ట్రానిక్ కాటా మీద అట్టపెట్టె పెట్టి అందులో పిల్లిని కూర్చోబెడితే సరిగా తెలుస్తుంది. నాలుగు కిలోల పిల్లి నాలుగువందల గ్రాములు తగ్గిందంటే తన బరువులో పదో వంతు పోగొట్టుకున్నట్టు. బొచ్చు కింద అది కంటికి కనిపించదు. వయసు మళ్లిన పిల్లుల్లో మూత్రపిండాల జబ్బు, మధుమేహం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం వంటివి ఏ ఇతర లక్షణమూ స్పష్టంగా కనిపించక ముందే బరువు తగ్గడంతో బయటపడటం మామూలు.

తిండి గిన్నెను రోజంతా నింపి వదిలేసే అలవాటు మానండి. ఉదయం, సాయంత్రం నిర్ణీత వేళలకు, ఒక్కొక్కదానికి విడిగా, వీలైతే వేరువేరు గదుల్లో లేదా కనీసం ఒకదానికొకటి కనిపించనంత దూరంలో పెట్టి, ఇరవై నిమిషాల తరువాత గిన్నెలు తీసేయండి. కూనలకు మాత్రం రోజుకు మూడు, నాలుగు సార్లు పెట్టాలి. మొదటి వారం గోల చేస్తాయి. తరువాత ప్రతి పిల్లీ తన చోటికి తానే వచ్చి కూర్చుంటుంది. ఎవరు తిన్నారు, ఎవరు వాసన చూసి వెళ్లిపోయారు అన్నది ఆ ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. పెద్ద పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే వైద్యుడికి ఫోను చేయవలసిందే. కూన అయితే పూట గడిచినా ఆగకూడదు. లావుగా ఉన్న పిల్లి రెండు, మూడు రోజులు తినకుండా ఉంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి, మొదటి జబ్బు కంటే అదే పెద్ద ప్రమాదంగా మారుతుంది. అందువల్ల "ఆకలైతే అదే తింటుందిలే" అన్న మాట పిల్లి విషయంలో పనికిరాదు.

ఏం పెట్టాలన్న విషయంలో మన ఇళ్లలో రెండు పొరపాట్లు ఎక్కువ. మొదటిది పెరుగన్నం, పాలన్నం మీదనే పిల్లిని పెంచడం. పిల్లి పూర్తిగా మాంసాహారి. టౌరిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే రావాలి. అది చాలకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఈ గుండె జబ్బుకు టౌరిన్ లోపంతో సంబంధం ఉందని 1987లో అమెరికాలో కనుక్కున్న తరువాతనే పిల్లుల ఆహారం తయారుచేసే సంస్థలు టౌరిన్ మోతాదు పెంచాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా. రెండవది, దానికి ఎదురుగా, కూనలకు ఎముక లేని కోడిమాంసం ఒక్కటే నెలల తరబడి పెట్టడం. మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు కనుక ఎముకలు పలచబడి, మంచం మీది నుంచి దూకినా కాలు విరుగుతుంది. ఖర్చు భరించగలిగితే పిల్లుల కోసం తయారైన సమతులాహారమే సగానికి పైగా పెట్టి, మిగతాది ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, చేప పెట్టడం మంచిది.

వాంతి, విరేచనం ఎవరిదో తేలకపోతే అనుమానమున్న పిల్లిని ఒక రాత్రి తొట్టితో, నీళ్లతో ఒక గదిలో విడిగా ఉంచండి; తేలకపోతే మరుసటి రాత్రి మరొకదాన్ని. వైద్యుడిని అడిగి, చిన్నపిల్లలు వాడే విషరహితమైన క్రేయాన్ పొట్టును ఒక్క పిల్లి తిండిలో కొంచెం కలిపితే దాని మలంలో ఆ రంగు రేణువులు కనిపిస్తాయి. దగ్గు, కుంటడం, ఎగశ్వాస వంటివి ఆసుపత్రికి చేరేసరికి మాయమవుతాయి కనుక వాటిని ఫోనులో వీడియో తీసి ఉంచండి. నిద్రపోతున్న పిల్లి పొట్ట నిమిషానికి ముప్పై సార్ల లోపు ఎగిరిపడాలి. అంతకంటే ఎక్కువగా ఉండటం రెండు, మూడుసార్లు గమనిస్తే చూపించాలి. పిల్లి మామూలు ఉష్ణోగ్రత 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది కాబట్టి, చేయి పెట్టి చూసి ఒళ్లు వేడిగా ఉందని జ్వరం అనుకోకండి.

నీళ్లు, ఇసుక తొట్లు, గండుపిల్లి మూత్రం

పిల్లులెన్ని ఉన్నాయో అంతకంటే ఒక తొట్టి ఎక్కువ ఉండాలని వైద్యులు చెప్పే లెక్క. అయిదింటికి ఆరు తొట్లంటే చిన్న ఇళ్లలో కష్టమే. తొట్లన్నీ వరుసగా ఒకేచోట పెట్టకుండా కనీసం మూడు చోట్ల విడదీసి పెడితే, ఒక గడుసు పిల్లి దారిలో కూర్చుని మిగతావాటిని తొట్టి దాకా రానివ్వకపోవడం అన్న సమస్య తప్పుతుంది. ఇది పోట్లాటలాగా కనిపించదు. దారిలో కూర్చుని కదలకుండా చూస్తుంది, అంతే. రెండోది వెనక్కి తిరిగి పోయి, మూత్రం ఆపుకుంటుంది లేదా మంచం కింద పోస్తుంది. ఏటి ఇసుకను జల్లించి ఎండబెట్టి వాడుకోవచ్చు, మేమూ అదే వాడతాము. తొట్టిలో గడ్డలను రోజుకు రెండుసార్లు తీయాలి. పిల్లి మలంలో కొన్నిసార్లు ఉండే టాక్సోప్లాస్మా క్రిమి బయటపడిన వెంటనే అంటదు, ఒకటి నుంచి అయిదు రోజుల తరువాతనే అంటుకునే దశకు వస్తుంది. రోజూ తీసేస్తే ఆ భయం చాలావరకు తొలగుతుంది. అయినా గర్భిణి చేత మాత్రం ఆ పని చేయించకండి.

పిల్లికి తిండిలోని తేమతో కలిపి రోజుకు కిలో బరువుకు యాభై మిల్లీలీటర్ల చొప్పున నీరు చేరాలి. పొడి గుళికలు మాత్రమే తినే పిల్లి అంత తాగదు. మన దగ్గర ఫిబ్రవరి చివరి నుంచే ఎండలు మొదలవుతాయి కనుక గుళికలలో నీళ్లు పోసి నానబెట్టడం, ఉప్పు వేయకుండా కోడిమాంసం ఉడికించిన నీళ్లు కలపడం ఏడాది పొడుగునా మంచి అలవాటు. వెడల్పాటి మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి తిండికీ తొట్లకూ దూరంగా మూడు, నాలుగు చోట్ల పెట్టండి. ప్లాస్టిక్ గిన్నెల వల్ల కొన్ని పిల్లులకు గడ్డం కింద నల్లటి చుక్కలు, కురుపులు వస్తాయి. మట్టి, స్టీలు, పింగాణీ పాత్రలు వాడితే చాలావరకు తగ్గిపోతాయి.

గండుపిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది. సన్నటి స్ఫటికాలో, జిగురు ముద్దో దానికి అడ్డం పడితే మూత్రం ఆగిపోతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోయే స్థితి వస్తుంది. పదే పదే తొట్టిలోకి వెళ్లి ముక్కడం, చుక్కో రెండు చుక్కలో రావడం లేదా ఏమీ రాకపోవడం, అరవడం, అంగాన్ని నాకుతూ ఉండటం, తరువాత వాంతులు: ఈ వరుస కనిపిస్తే అర్ధరాత్రి అయినా వైద్యుడిని లేపండి. నేను నల్లోడి విషయంలో దీన్ని మలబద్ధకం అనుకుని ఒక పూట వృథా చేశాను. తొట్టిలో కూర్చుని ముక్కే గండుపిల్లికి ముందుగా మూత్రమే ఆగిందని భావించి బయలుదేరండి.

కొత్త పిల్లి, అంటువ్యాధులు, టీకాలు

వీధిలో దొరికిన కూనను జాలిపడి తెచ్చి నేరుగా మిగతా పిల్లుల మధ్య వదలడం వల్ల మేము ఒకసారి మూడు కూనలను పోగొట్టుకున్నాము. వచ్చిన నాలుగో రోజు కొత్త కూన వాంతులు, రక్తవిరేచనాలతో చనిపోయింది. వారం తిరగకుండా మా పిల్లి మల్లికి పుట్టిన రెండు కూనలు అదే దారిన పోయాయి. అది పాన్‌ల్యూకోపీనియా, పిల్లుల్లో వచ్చే పార్వో జాతి వైరస్ జబ్బు. ఈ వైరస్ నేల మీద, బట్టల్లో, చెప్పుల అడుగున ఏడాది దాకా బతికి ఉండగలదు. మామూలు ఫినాయిలు దాన్ని చంపలేదు. ముందు సబ్బు నీళ్లతో మురికి పోయేలా కడిగి, ఆ తరువాత బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు ముప్పై రెండు వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. బ్లీచును ఫినాయిలుతో గాని, యాసిడ్‌తో గాని కలపకూడదు. పిల్లులను ఆ గది ఆరేదాకా లోపలికి రానివ్వకూడదు.

కొత్త పిల్లిని కనీసం రెండు వారాలు తలుపు వేసిన గదిలో ఉంచండి. దాని గిన్నెలు, తొట్టి, పరుపు గుడ్డ, చివరికి ఊడ్చే చీపురు కూడా వేరే ఉండాలి. మొదట ఆరోగ్యంగా ఉన్న పిల్లుల పని పూర్తి చేసుకుని ఆఖరున ఆ గదిలోకి వెళ్లండి, బయటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి, లోపల తొడుక్కునే పాత చొక్కా ఒకటి తలుపు వెనక తగిలించి ఉంచండి. ఇంట్లోని పిల్లికి జబ్బు చేసినా ఇదే పద్ధతి. ఈ రెండు వారాల్లోనే కొత్త పిల్లికి నట్టల మందు, ఒంటి పురుగుల మందు వేయించి, దొరికితే ఫెలైన్ ల్యుకీమియా (పిల్లుల్లో రక్త క్యాన్సర్ తెచ్చే వైరస్), ఎఫ్‌ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) రక్తపరీక్షలు చేయించండి. మొదటిది ఒకే గిన్నెలో తినడం, ఒకదాన్నొకటి నాకడం వల్ల కూడా సోకుతుంది. రెండవది ప్రధానంగా పోట్లాటలో పడే లోతైన కాట్ల వల్ల సోకుతుంది.

టీకాల విషయంలో బద్ధకం వద్దు. పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, కాలిసి వైరస్‌లు మూడిటి నుంచీ కాపాడే ఉమ్మడి టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు దాటేదాకా మూడు, నాలుగు వారాలకొకసారి వేయించి, ఏడాదికి మళ్లీ వేయించాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఉన్నంత కాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో కూనకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టే ఇన్నిసార్లు వేయవలసి వస్తోంది. పన్నెండు వారాలు నిండాక రేబిస్ టీకా, ఆ తరువాత ఏటా. జూలై 6న ప్రపంచ జంతుసంక్రమణ వ్యాధుల దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అది కుక్కలకే అనుకుని ఊరుకోకుండా పిల్లులకూ వేస్తారా అని ముందుగా వెళ్లి అడగండి. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, సున్నం పూయవద్దు.

తుమ్ములు, కళ్ల పుసులు, చీమిడి కనిపిస్తే చాలావరకు హెర్పిస్ లేదా కాలిసి. హెర్పిస్ సోకిన పిల్లిలో వైరస్ జీవితాంతం దాగి ఉంటుంది. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, దీపావళి టపాసుల మోతకు బెదిరినా మళ్లీ బయటపడుతుంది. పుసులను కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో, కంటికొక దూది ముక్క చొప్పున తుడవండి. ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియక తిండి మానేస్తుంది, అందుకని తిండిని గోరువెచ్చగా చేసి పెట్టండి. ఇంట్లో మనుషులకు తెచ్చిన కంటి చుక్కలు వేయకండి. వాటిలో స్టీరాయిడ్ ఉండి, కంటిపాప మీద పుండు ఉంటే చూపే పోతుంది.

ఆపరేషన్ గురించి ఒక్క మాట. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, చూలు రెండు నెలల పైన మూడు, నాలుగు రోజులే. అయిదారు నెలల వయసులో ఆడవాటికీ మగవాటికీ ఆపరేషన్ చేయిస్తే కూనల సంఖ్యే కాదు, మిద్దెల మీద రాత్రిపూట పోట్లాటలు, ఆ కాట్ల వల్ల చీముగడ్డలు, ఎఫ్‌ఐవీ, ఆడపిల్లికి రొమ్ము గడ్డలు అన్నీ తగ్గుతాయి. పాపమని ఆపరేషన్ మానేసి, ఈనిన ప్రతిసారీ కూనలను సంతలో వదిలివచ్చే వారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

చర్మం, పురుగులు, నట్టలు

చెవి దగ్గర, ముఖం మీద, కాళ్ల మీద గుండ్రంగా బొచ్చు రాలి పొక్కు కట్టితే అది తామర కావచ్చు. ఒక పిల్లికి వస్తే ఇంట్లో అన్నిటికీ వచ్చినట్టే లెక్క. పిల్లలకు, మనకూ అంటుతుంది. రాలిన బొచ్చులో దాని బీజాలు ఏడాదికి పైగా బతుకుతాయి కనుక మందుతో పాటు రోజూ ఊడవటం, పరుపు గుడ్డలు ఉతికి ఎండలో ఆరేయడం కూడా చికిత్సలో భాగమే. వైద్యం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మచ్చ మానినట్టు కనిపించగానే మందు ఆపడం వల్లనే ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. చెవిలో కాఫీ పొడి లాంటి నల్లటి మురికి, తల విదిలించడం చెవి పురుగుల గుర్తు. వాటికీ అన్ని పిల్లులకూ ఒకేసారి మందు వేయాలి.

ఇక రాయలసీమలో తప్పకుండా చెప్పవలసిన మాట ఒకటుంది. గొర్రెలు, ఎనుములు ఉన్న ఇళ్లలో పిడుదులకు కొట్టే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందు సీసా ఎప్పుడూ ఉంటుంది, దాన్నే నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి పిల్లికి పూయమని చెప్పేవారూ ఉంటారు. పూయకండి. ఆ జాతి మందులు, కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. గంటల్లోనే ఒళ్లు వణికి, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి కడిగి, తువ్వాలులో చుట్టి వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌ను అంచనాగా వేయించడం కూడా అంతే ప్రమాదం. పిల్లుల కోసమే తయారైన ఫిప్రోనిల్ లేదా సెలామెక్టిన్ చుక్కలను బరువు చూసి, ఇంట్లోని అన్నిటికీ ఒకే రోజు వేయండి, ఆరేదాకా ఒకదాన్నొకటి నాకకుండా చూడండి.

తోక కింద, పడుకున్న చోట ఎండిన బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలు. వాటిని మోసేది ఒంటి మీది ఫ్లీ పురుగు కనుక రెండిటికీ కలిపి వైద్యం చేయకపోతే నెల తిరగకుండా మళ్లీ వస్తాయి. కూనలకు రెండు వారాలకొకసారి, తరువాత ఆరు నెలల దాకా నెలకొకసారి, ఆపైన మూడు నెలలకొకసారి నట్టల మందు వేయడం మామూలు పద్ధతి.

ఇంట్లోనే ఉన్న విషాలు

జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఆ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. మా వీధిలో ఒక పెద్దమ్మ తన కూన ఒళ్లు కాలుతోందని ప్రేమతో అరమాత్ర పాలల్లో కలిపి పోసింది, తెల్లారేసరికి అది లేదు. ఆ తల్లి ఏడుపు నేను మరచిపోలేను. అందుకే దీన్ని ఎవరింట్లో పిల్లి కనిపించినా చెబుతూ ఉంటాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సంగతీ ఇంతే. పిల్లి మింగిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా మాత్ర అట్టతో సహా ఆసుపత్రికి వెళ్లండి. ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు.

కడప బండల నేల చల్లగా ఉంటుంది కనుక వేసవిలో పిల్లులు పగలంతా దాని మీదనే పొర్లుతాయి. ఆ నేలను ఫినాయిలుతో తుడిస్తే ఆ ఫినాల్ పాదాలకు, పొట్టకు అంటి, అవి నాక్కున్నప్పుడు లోపలికి పోతుంది. పిల్లులున్న ఇంట్లో సబ్బు నీళ్లతో తుడవటమే మేలు. బీరువాలో వేసే కలరా ఉండలు, నీలగిరి తైలం, తలనొప్పి బాములు, కర్పూరం, ఎలుకల మందు, పెరట్లోని గన్నేరు, పూలగుత్తుల్లో వచ్చే లిల్లీ జాతి పూలు అన్నీ అందకుండా ఉండవలసినవే. లిల్లీ పుప్పొడి నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి కాబట్టి మిగిలిన కోడికూర కలిపిన సంగటి ముద్ద, ఉగ్గాని మెతుకులు పెట్టకండి.

మల్లెపూలు, కనకాంబరాలు కట్టే దారం కూడా అంతే జాగ్రత్తగా దాచాలి. పూల వాసనకో, ఆటకో దారాన్ని నమిలి మింగితే అది పేగులను కుచ్చులు పట్టినట్టు దగ్గరకు లాగి కోసేస్తుంది. నోట్లో నుంచో, వెనక నుంచో దారం కొస కనిపించినా లాగకండి, అలాగే తీసుకువెళ్లండి.

ఎండాకాలం

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో, తలుపులు మూసిన మిద్దె గదిలో పిల్లిని ఉంచి ఊరికి వెళ్లకండి. పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతోందంటే అది ప్రమాదస్థితి. చదునైన ముఖమున్న పర్షియన్ జాతి పిల్లులకు మరీ తొందరగా వస్తుంది. నీడకు తెచ్చి, మామూలు కుళాయి నీళ్లతో పాదాలు, పొట్ట, చెవులు తడిపి ఫ్యాను కింద ఉంచి, అలాగే ఆసుపత్రికి బయలుదేరండి. మంచునీళ్లు పోయకూడదు, నోట్లో బలవంతంగా నీళ్లు పట్టకూడదు. తెల్లపిల్లుల చెవి కొసలు ఏళ్ల తరబడి ఎండకు కాలి పుండుపడితే అది చర్మ క్యాన్సర్‌గా మారవచ్చు. మానని పుండును గీరుడు అనుకుని వదిలేయకండి.

మందు వేయడం, ఆసుపత్రికి వెళ్లిరావడం

మందును ఉమ్మడి తిండిలో కలపడం వృథా, అది ఎవరి పొట్టలోకి పోయిందో తెలియదు. పిల్లిని వీపు మీ వైపు ఉండేలా తువ్వాలులో చుట్టి, దవడ ఎముకల దగ్గర తల పట్టుకుని కొద్దిగా పైకి ఎత్తి, కింది దవడను వేలితో నొక్కి, మాత్రను నాలుక మొదట్లో వేయాలి. వెంటనే సూది లేని సిరంజితో అయిదారు మిల్లీలీటర్ల నీళ్లు పెదవి పక్క నుంచి నెమ్మదిగా పట్టాలి. డాక్సీసైక్లిన్ వంటి మాత్ర నీళ్లు లేకుండా వేస్తే అది అన్నవాహికలో అతుక్కుని పుండు చేసి, ఆ దారినే ఇరుకు చేస్తుంది. ఒక్కో పిల్లికి ఒక్కో రంగు టేపు ఎంచుకుని, మందు సీసా మీద, పుస్తకంలో దాని పేజీ మీద అదే రంగు అంటిస్తే ఇంట్లో ఎవరు వేసినా పొరపాటు జరగదు. మందు వేసిన వారే టిక్కు పెట్టి సమయం రాయాలి. లేకపోతే అమ్మ ఒకసారి, కొడుకు ఒకసారి వేసిన రోజులుంటాయి.

మన జిల్లాల్లో పశువైద్యులకు ఆవులు, గొర్రెలతోనే పని ఎక్కువ. కనుక పిల్లులను చూడటంలో అనుభవమున్న వైద్యుడు ఎవరో ఆరోగ్యంగా ఉన్నప్పుడే తెలుసుకుని, ఒకసారి చూపించి పరిచయం పెట్టుకోండి. స్కానింగు, పెద్ద శస్త్రచికిత్స అవసరమైతే ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాలకు గాని, తిరుపతిలో 1955 నుంచి ఉన్న పశువైద్య కళాశాలకు గాని వెళ్లడం గురించి మీ వైద్యుడినే అడగండి. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం పల్లెల్లో పాడిపశువుల కోసం తిరిగేదే అయినా, దగ్గర్లో ఎవరూ లేనప్పుడు అడిగి చూడటంలో తప్పు లేదు. పిల్లిని ఒడిలో పెట్టుకుని స్కూటరు మీద తీసుకువెళ్లకండి. పెట్టెలో లేదా మూత కట్టే బుట్టలో ఉంచండి. ఆ పెట్టెను ఏడాదంతా ఇంట్లో తెరిచి ఉంచి, అందులో అప్పుడప్పుడు తిండి పెడుతూ ఉంటే ఆ రోజు దాన్ని చూసి పారిపోదు.

పదేళ్లు దాటిన పిల్లులను ఆరు నెలలకొకసారి చూపించి, రక్తం, మూత్రం పరీక్ష చేయించాలి. మూత్రపిండాలు సగానికి మించి చెడిపోయేదాకా పైకి ఏమీ తెలియదు. ఎక్కువ నీళ్లు తాగడం, తొట్టిలో గడ్డలు పెద్దవి కావడం తొలి గుర్తులు. మా రాగికి పన్నెండో ఏట ఇది బయటపడింది, గడ్డల సైజు కాదు, పుస్తకంలో వరుసగా మూడు నెలల బరువు చూసి. ఇప్పుడు దానికి మూత్రపిండాల పత్యం తిండి విడిగా పెడుతూ, వైద్యుడు నేర్పిన విధంగా వారానికి రెండుసార్లు చర్మం కింద సెలైన్ ఎక్కిస్తున్నాము. మిగతా నాలుగూ ఆ తిండి కోసం తలుపు గీరుతాయి. రాగి తినేంతసేపు వంటింటి గడియ వేసి ఉంచుతాము.

ఆసుపత్రి నుంచి పిల్లి తిరిగి వచ్చిన రోజు మరొక చిక్కు ఎదురవుతుంది. మందుల వాసన, ఇతర జంతువుల వాసన దాని ఒంటికి అంటి ఉండటం వల్ల ఏళ్లుగా కలిసి పెరిగిన పిల్లులే దాన్ని పరాయిదనుకుని బుస కొడతాయి, మీద పడి కరుస్తాయి. నల్లోడు వచ్చిన రోజు చుక్క వాడిని కొట్టబోయింది. అప్పటి నుంచి తిరిగి వచ్చిన పిల్లిని ఒక రాత్రంతా విడి గదిలో, అది రోజూ పడుకునే పాత దుప్పటి మీద ఉంచుతాము. మరునాడు అదే దుప్పటి గుడ్డతో మిగతా పిల్లుల చెంపలు తుడిచి, తరువాత దాని ఒళ్లు తుడుస్తాము. తలుపు కొద్దిగా తెరిచి, అటూ ఇటూ తిండి గిన్నెలు పెట్టి, బుసలు లేకుండా తినడం మొదలుపెట్టాక తలుపు పూర్తిగా తీస్తాము. ఒక్కోసారి ఒక పూటలో సర్దుకుంటాయి, ఒక్కోసారి వారం పడుతుంది.